థేమ్స్ ఒడ్డున ఇఫ్లీ: ఒక చిన్న పారిష్ గ్రామాన్ని చూసే పద్ధతి

ఆక్స్‌ఫర్డ్ నగర మధ్యభాగానికి ఆగ్నేయంగా, సుమారు రెండు మైళ్ల దూరంలో, థేమ్స్ నదికి తూర్పు ఒడ్డున ఇఫ్లీ అనే చిన్న ఊరు ఉంది. చదువులకో ఉద్యోగాలకో ఆక్స్‌ఫర్డ్ చేరిన తెలుగువారూ, వారిని చూడటానికి వేసవిలో వచ్చే తల్లిదండ్రులూ కాలేజీల ప్రాంగణాలు చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు గాని, నడిచి చేరుకోగలిగినంత దగ్గరలో ఉన్న ఈ ఊరి జోలికి అంతగా రారు. వచ్చినవారు కూడా చాలామంది కారులో నేరుగా చర్చి ముందు దిగి, ద్వారం మీది చెక్కడాలు చూసి పది నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు. అలా చూస్తే చర్చి కనిపిస్తుంది గాని ఊరు కనిపించదు. నది, లాకు, నీటి మర, చర్చి, వీధులు అనే వరుసలో, ఒక పూట తీరిగ్గా నడిచి ఈ ఊరిని ఎలా చూడాలో, ఎక్కడ ఆగి దేనికోసం వెతకాలో, చూసి వచ్చాక ఏ రికార్డులు తిరగేయాలో ఈ వ్యాసం చెబుతుంది.

ముందుగా పారిష్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. ఒక చర్చి కింద, ఒక గురువు బాధ్యతలో ఉండే ప్రాంతం పారిష్. మన కతోలిక క్రైస్తవులు దీనినే విచారణ అంటారు. అయితే ఇంగ్లండులో పారిష్ కేవలం ఆరాధనకు సంబంధించిన హద్దు కాదు. 1538 నుంచి ఊళ్లో జరిగే బాప్తిస్మాలను, పెళ్లిళ్లను, సమాధులను రిజిస్టరులో ఎక్కించే పని పారిష్‌దే. 1601 నాటి పేదల చట్టం ప్రకారం దిక్కులేనివారికి తిండి పెట్టే భారం, అందుకు పన్ను వసూలు చేసే అధికారం కూడా పారిష్‌కే వచ్చాయి. 1894లో ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లు ఏర్పడేదాకా చర్చి అధికారులే చాలా గ్రామాలకు పంచాయతీ పెద్దలు. కాబట్టి ఇటువంటి ఊళ్లో చర్చి అనేది ప్రార్థన మందిరమే కాదు, ఊరి పాలన జరిగే కచేరీ కూడా అన్న సంగతి గుర్తుంచుకుని చూడాలి.

ఇంకొక సూచన. ఇఫ్లీలో ఉన్నవాటిని చూపించడానికి పలకలు, బోర్డులు ఉన్నాయి. వాటికి మార్గదర్శి అక్కరలేదు. కాలిపోయిన మర, కూలిపోయిన గది, తీసేసిన ముందరి మండపం, మూసేసిన కమాను వంటి లేనివాటి ఆనవాళ్లు పట్టుకోవడమే అసలు పని. ఈ ఊరి చరిత్రలో సగం ఆ ఆనవాళ్లలోనే ఉంది.

బయలుదేరే ముందు

ఏప్రిల్ రెండో సగం అన్నిటికంటే మంచి సమయం. ఎందుకో పచ్చిక బయళ్ల దగ్గర చెబుతాను. శీతకాలంలో, ముఖ్యంగా వరుసగా వానలు పడ్డాక, నది ఒడ్డు బాట బురదగా ఉంటుంది, కొన్నిసార్లు మునిగిపోతుంది కూడా. అటువంటప్పుడు రోజ్ హిల్ వైపు వెళ్లే బస్సు ఎక్కి ఇఫ్లీ రోడ్డు మీదుగా రావడం మేలు. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది గనుక లోపల తిరిగి చూడాలనుకునేవారు మరో రోజు పెట్టుకోవాలి. చర్చికి పడమటి ముఖం, దక్షిణ ద్వారం రెండూ చెక్కడాలతో నిండినవే కాబట్టి, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో అక్కడికి చేరేలా చూసుకుంటే దక్షిణ ద్వారం మీద వెలుగు ఇంకా ఉంటుంది, లోపల చూసి బయటికి వచ్చేసరికి పడమటి ముఖం మీదికి ఏటవాలు ఎండ వస్తుంది. లోతు తక్కువ ఉన్న చెక్కడం ఏటవాలు ఎండలోనే కనిపిస్తుంది; మిట్టమధ్యాహ్నపు ఫొటోల్లో అంతా చదునుగా వస్తుంది.

ఫోనులో ఒక పాత పటం వేసుకుని వెళ్లండి. స్కాట్లండు జాతీయ గ్రంథాలయం తన వెబ్‌సైటులో ఇంగ్లండుకు సంబంధించిన పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ) పటాలను కూడా ఉచితంగా చూడనిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటి పటంలో ఇఫ్లీ దగ్గర మర, ఆనకట్ట, లాకు వేరువేరుగా గుర్తించి ఉంటాయి. అదే పటాన్ని నేటి పటంతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకప్పుడు పొలాల మధ్య విడిగా ఉన్న ఊరి చుట్టూ నగరం ఎలా అల్లుకుందో మాటలతో పనిలేకుండా అర్థమవుతుంది.

నది ఒడ్డున నడక

ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన ఉన్న ఫోలీ వంతెన దగ్గర నది పడమటి ఒడ్డుకు దిగి, ప్రవాహం వెళ్లే దిశగా నడక మొదలుపెట్టాలి. ఈ బాట పూర్వం తాళ్లతో పడవలను లాగే గుర్రాల కోసం వేసినది. నేడు థేమ్స్ పాత్ అనే 184 మైళ్ల కాలిబాటలో ఇది ఒక భాగం. ఎదుటి ఒడ్డున కాలేజీల పడవ ఇళ్లు వరుసగా కనిపిస్తాయి. ఆక్స్‌ఫర్డ్ పరిధిలో థేమ్స్‌ను ఐసిస్ అని కూడా పిలుస్తారు కాబట్టి బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తే ఇది వేరే నది అనుకోకూడదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లోనో మే నెలాఖరులోనో వస్తే కాలేజీల పడవ పందేలు తారసపడవచ్చు. రెండు పడవలు పక్కపక్కన పోటీ పడేంత వెడల్పు ఇక్కడ నదికి లేదు. అందుకని పడవలన్నీ ఇఫ్లీ లాకు ఎగువన ఒకదాని వెనుక ఒకటి, మధ్య ఎడంతో నిలబడి, ఒకే సంకేతానికి ఎదురీత మొదలుపెడతాయి. వెనుక పడవ ముందు పడవను ఢీకొంటే గెలిచినట్టు, మరునాడు దాని స్థానం ఇది తీసుకుంటుంది. నది ఇరుకే ఆ ఆట నియమాన్ని నిర్ణయించింది.

దారిలో 1962లో కట్టిన డోనింగ్టన్ వంతెన వస్తుంది. ఇఫ్లీ వాసులు కాలినడకన నది దాటడానికి మర, లాకుల మీది దారి కూడా ఉండేది. వంతెన దాటాక కొంత దూరంలో కుడిచేతి వైపు చెట్ల మధ్య ఐసిస్ ఫామ్‌హౌస్ అనే పాత పబ్బు ఉంది. దానికి కారు రోడ్డు లేదు. నడిచో, సైకిలు మీదో, పడవలోనో రావాలి. అక్కడ కూర్చోవడం మీ ఇష్టం గాని, చర్చి చూశాక తిరుగు దారిలో కూర్చోవడం నయం.

ఆ పబ్బు వెనుక, నదికీ రింగు రోడ్డుకూ మధ్య పరుచుకున్నవే ఇఫ్లీ పచ్చిక బయళ్లు. వరద వచ్చినప్పుడు మునిగి, వేసవిలో ఎండుగడ్డి కోతకు వచ్చే ఈ నేలను శతాబ్దాలుగా దున్నలేదు, ఎరువులు కుమ్మరించలేదు. అందువల్లే స్నేక్స్ హెడ్ ఫ్రిటిల్లరీ అనే అరుదైన పువ్వు ఇక్కడ బతికింది. ఏప్రిల్‌లో సన్నని కాడ చివర తలవంచి వేలాడే గంటలా పూస్తుంది. రేకుల మీద ఊదా, లేత గులాబీ గళ్లు చదరంగం బల్ల మీది గళ్లంత స్పష్టంగా ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడ తెల్లనివి కూడా ఉంటాయి. 1980ల మొదట్లో ఇవి కొన్ని వందలకు పడిపోగా, స్థానిక వన్యప్రాణి సంరక్షణ సంస్థ కోత సమయాన్ని, పశువుల మేతను క్రమబద్ధం చేసిన తర్వాత పదుల వేలకు పెరిగాయి. ఏటా స్వచ్ఛంద కార్యకర్తలు వరుసలో నిలబడి ఒక్కొక్క మొక్కనూ లెక్కపెడతారు. నేలలో దుంపలు ఉంటాయి కాబట్టి బాట వదిలి తొక్కకూడదు.

లాకు దగ్గర ఏమి చూడాలి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవారికి లాకు అంటే వివరించనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గరో మరే కాలువ మీదో చూసిన రెండు జతల తలుపుల ఏర్పాటే ఇదీ. పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపులు మూసి, తూములు తెరిచి నీటిని నింపడమో వదలడమో చేసి, మట్టం సమం అయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. ఇఫ్లీ లాకు ప్రత్యేకత దాని వయసు. థేమ్స్ మీద ఈ రకం లాకులు మొట్టమొదట కట్టింది 1630లలో, మూడు చోట్ల: ఇఫ్లీ, దాని దిగువన శాండ్‌ఫర్డ్, అబింగ్డన్ దగ్గర స్విఫ్ట్ డిచ్.

అవి ఎందుకు అవసరమయ్యాయో తెలుసుకుంటే ఊరి స్వభావం బోధపడుతుంది. అంతకుముందు నదికి అడ్డంగా ఉన్నవి మరల యజమానులు కట్టుకున్న ఆనకట్టలే. పడవ వస్తే ఆనకట్ట మధ్యలో పలకలు ఎత్తి సందు చేసేవారు. నీరు ఒక్కసారిగా దూకేది, దిగువకు వెళ్లే పడవ ఆ దూకుడు మీద జారిపోయేది, ఎగువకు వచ్చే పడవను మనుషులు తాళ్లతో గుంజి ఎక్కించేవారు. పడవలు మునిగేవి, ప్రాణాలు పోయేవి. పైగా అలా వదిలిన నీరు మళ్లీ నిండేదాకా మర ఆగిపోయేది కాబట్టి మర యజమాని ఇష్టపడి పలకలు ఎత్తేవాడు కాదు. పడవవాడికీ మరవాడికీ ఈ తగవు తీరక, ఆక్స్‌ఫర్డ్‌కు సరుకు నది మీదుగా రావడమే కష్టమైంది. 1605లోనూ 1624లోనూ పార్లమెంటు చేసిన చట్టాలతో ఆక్స్‌ఫర్డ్ నుంచి దిగువన ఉన్న బర్కాట్ గ్రామం వరకు నదిని బాగుచేసే సంఘం ఏర్పడింది; అది ఈ లాకులు కట్టించాక, 1635లో మొదటి సరుకు పడవ ఆక్స్‌ఫర్డ్ చేరింది. బొగ్గు పైకి రావడానికి, హెడింగ్టన్ రాళ్ల గనుల రాయి కిందికి పోవడానికి దారి పడింది.

ఇప్పుడు కనిపించే రాతి కట్టడం, చిన్న కమాను వంతెనలు 1924లో తిరిగి కట్టినవి. కాబట్టి పదిహేడో శతాబ్దపు రాయి కోసం వెతికి ప్రయోజనం లేదు. స్థలం, పద్ధతి మాత్రమే పాతవి. చిన్న పడవలను లాకులోకి దింపకుండా నేల మీద దొర్లించి దాటించే రోలర్లు పక్కనే ఉంటాయి, వాటిని తప్పక చూడండి. 1790లో ఆక్స్‌ఫర్డ్ కాలువ, 1844లో రైలు వచ్చి సరుకు పడవల పని తగ్గించాక, విక్టోరియా రాణి కాలంలో విహార పడవల రద్దీ పెరిగింది. ఆ రద్దీ మిగిల్చిన గుర్తులివి.

మర ఉన్న చోటు

లాకు దాటి, ఆనకట్ట పక్కగా చిన్న వంతెనల మీదుగా తూర్పు ఒడ్డుకు వెళుతున్నప్పుడు వేగం తగ్గించండి. ఇక్కడే, పిల్ల కాలువ ఒడ్డున, మధ్యయుగం నాటి నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోని లింకన్ కాలేజీ ఆస్తిగా ఉన్న ఇఫ్లీ మర ఉండేది. పంతొమ్మిదో శతాబ్దంలో చిత్రకారులకు, ఆ తరువాత ఫొటోగ్రాఫర్లకు ఇంతకంటే ఇష్టమైన దృశ్యం ఆక్స్‌ఫర్డ్ పరిసరాల్లో అరుదు. ఏటవాలు కప్పులు, గుంజల మీద నీటిలోకి వంగినట్టుండే గోడలు, వెనుక పోప్లర్ చెట్లు ఉన్న ఆ మర ఫొటోను ఆక్స్‌ఫర్డ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ టాంట్ తీసినవాటిలో చూడవచ్చు. 1908లో అది కాలిపోయింది, మళ్లీ కట్టలేదు. గట్టు మీద మిగిలిన మర తిరగలి రాయి, సన్నగా ఉరికే నీటి పాయ, ఒడ్డు నుంచి ఊళ్లోకి ఎక్కే మిల్ లేన్ అనే వీధి పేరు మాత్రమే ఇప్పటి సాక్ష్యాలు. ఫోనులో పాత ఫొటో తెరిచి, వంతెన మీద నిలబడి, అదే కోణం కోసం అటూ ఇటూ జరగండి. నీటి పాయ వంపు కుదిరిన చోట మర ఎక్కడ నిలబడి ఉండేదో కచ్చితంగా తెలుస్తుంది. నా మట్టుకు ఇఫ్లీలో చర్చి తరువాత ఎక్కువసేపు నిలబడవలసిన చోటు ఇదే.

చర్చి: బయట మూడు వైపులా

వీధి ఎక్కి చర్చి ఆవరణలోకి వచ్చాక నేరుగా లోపలికి వెళ్లవద్దు. సెయింట్ మేరీ ది వర్జిన్ చర్చిని పన్నెండో శతాబ్దం రెండో సగంలో సెయింట్ రెమీ అనే భూస్వామి కుటుంబం కట్టించింది. 1086లో రాజు జరిపించిన భూముల లెక్కలో గివెటెలీ అన్న పేరుతో ఈ ఊరు ఉంది కాబట్టి చర్చి కంటే ఊరు ముందుది. ఇంత చిన్న ఊరికి ఇంత ఆడంబరమైన కట్టడం అక్కరలేదు; అది కట్టించినవారి డబ్బుకు, హోదాకు ప్రకటన. ఆ తరువాతివారికి దీన్ని పెద్దది చేసేంత స్తోమతగాని అవసరంగాని లేకపోవడం మన అదృష్టం. మిగతా ఊళ్లలో గోడలు కూల్చి, పక్క వసారాలు చేర్చి చర్చిలను విస్తరించారు. ఇక్కడ మందిరం, మధ్యన బురుజు, దాని వెనుక బలిపీఠం ఉండే భాగం అనే మొదటి నమూనా దాదాపు చెదరలేదు.

కాలం పోల్చుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. అర్ధచంద్రాకారపు కమాను అయితే అది నార్మన్ పద్ధతి (ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల కాలపు కట్టడం తీరు), ఇక్కడ సుమారు 1180కి ముందుది. పైన మొనతేలిన సన్నని కిటికీ అయితే పదమూడో శతాబ్దం. వెడల్పుగా ఉండి, నిలువు రాతి కడ్డీలతో విడగొట్టిన కిటికీ అయితే పదిహేనో శతాబ్దం. ఈ మూడూ ఇఫ్లీ గోడల్లో ఉన్నాయి. విక్టోరియా కాలపు మరమ్మతులు ఈ గుర్తును మోసం చేయగలవు, దానికి ఉదాహరణ పడమటి ముఖంలోనే ఉంది.

పడమటి ద్వారానికి స్తంభాలు లేవు. చుట్టూ వంకర మెలికల గీతలు, వాటి పక్కన వరుసగా పక్షుల తలలు; ఒక్కొక్క తలా తన పొడవాటి ముక్కును గుండ్రని రాతి కడ్డీ మీద ఆనించి దానిని కొరుకుతున్నట్టు ఉంటుంది, ఆ వరుస కమాను మీదుగా నేల దాకా దిగుతుంది. దగ్గరికి వెళ్లి నాలుగైదు తలలను విడివిడిగా చూడండి, ఏ రెండూ ఒకేలా ఉండవు. కమానుకు బయటి అంచున రాశుల గుర్తులు, నలుగురు సువార్తికుల చిహ్నాలు ఉన్నాయి, కొన్ని అరిగిపోయాయి. ఇక తల పైకెత్తితే గుండ్రటి కిటికీ కనిపిస్తుంది. అది నార్మన్ కాలానిదిలా ఉన్నా 1856లో పెట్టినది. అసలు గుండ్రటి కిటికీని పదిహేనో శతాబ్దంలో తీసేసి పెద్ద కిటికీ పెట్టారు. గోడలో మిగిలిన పాత వలయపు ఆనవాలును బట్టి జె. సి. బక్లర్ అనే వాస్తుశిల్పి తిరిగి గుండ్రటిది కట్టించాడు. పాతదాన్ని తీసేసి ఇంకా పాతదాన్ని ఊహించి కట్టడం సరైనదా అన్న ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు గాని, కంటికి మాత్రం బాగుంది.

దక్షిణ ద్వారం వైపు వస్తే చెక్కడాలు ఇంకా పదునుగా కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదటి దాకా దీనికి ముందు ఒక చిన్న మండపం ఉండి వాన నుంచి కాపాడింది. స్తంభాల తలల మీద కొట్లాడుతున్న గుర్రపు రౌతులు, సింహం నోరు చీలుస్తున్న సమ్సోను, సగం మనిషి సగం గుర్రం అయిన జంతువు ఉన్నాయి. కమాను లోపలి అంచు పొడవునా చిన్న చిన్న పువ్వులు. బైబిలు కథ, రౌతుల పోరు, పుక్కిటి జంతువు ఒకే ద్వారానికి ఎందుకు చేరాయని వెతుక్కోకండి. చెక్కినవారికి ఇవి వేరు వేరు ప్రపంచాలు కావు. ఉత్తర ద్వారం సాదాగా ఉంటుంది, అక్కడ ఒక నిమిషం చాలు.

దక్షిణ గోడ వెంట తూర్పుగా నడిచి, బలిపీఠం ఉండే భాగానికి బయట ఆగండి. అక్కడ గోడలో మూసేసిన కమాను ఆనవాలు ఉంది. గోడకు ఆనుకుని కట్టిన ఒక గదిలో 1232 నుంచి 1241 దాకా ఆనోరా అనే ఏకాంతవాసిని జీవించింది. ఇటువంటి స్త్రీలు బిషప్ అనుమతితో చర్చి గోడకు ఆనుకున్న గదిలో ప్రవేశించి, బయటికి రాకుండా, చిన్న కిటికీ నుంచి బలిపీఠాన్ని చూస్తూ ప్రార్థనలో బతుకు వెళ్లబుచ్చేవారు. ఆనోరా సామాన్యురాలు కాదు. ఆమె తండ్రి విలియం డి బ్రవోజ్ జాన్ రాజుకు ఆంతరంగికుడిగా ఉండి, తరువాత రాజు ఆగ్రహానికి గురై ఫ్రాన్సుకు పారిపోయాడు. 1210లో ఆమె తల్లిని, అన్నదమ్ముల్లో ఒకరిని రాజు చెరలో పెట్టి ఆకలితో చంపించాడు. 1227లో భర్త హ్యూ మార్టిమర్ చనిపోయాక కొన్నేళ్లకు ఆమె ఇక్కడికి చేరింది. ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన లొరెట్టా, లెస్టర్ ప్రభువు విధవరాలు, కాంటర్‌బరీ దగ్గర అదే విధంగా ఏకాంతవాసం స్వీకరించింది. జాన్ కొడుకు మూడో హెన్రీ ఆనోరాకు వంటచెరకు, ధాన్యం, దుస్తులు పంపించినట్టు రాజు ఖాతాల్లో ఉంది. తండ్రి చేసిన పాపానికి కొడుకు చేసిన పరిహారమా, కేవలం మర్యాదా అన్నది ఖాతాలు చెప్పవు. బలిపీఠం ఉండే భాగాన్ని తూర్పుగా పొడిగించింది కూడా 1230 ప్రాంతంలోనే. ఆ పొడిగింపుకూ ఆమె రాకకూ సంబంధం ఉందని చాలామంది నమ్ముతారు.

అక్కడే దక్షిణంగా ఒక పెద్ద యూ చెట్టు ఉంది. చర్చి కంటే వయసులో పెద్దదని ఊళ్లో చెప్పుకుంటారు. లోపల బోలుగా ఉన్న దాని మొదలు చూస్తే కొట్టిపారేయడం కష్టం. సమీపంలో ఉన్న రాతి శిలువ స్తంభం మధ్యయుగానిది, దాని తల మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో అమర్చినది.

చర్చి లోపల

చెప్పులు విడవనక్కరలేదు, అయితే బురద అంటిన బూట్లను గుమ్మం ముందు తుడుచుకోవాలి, మగవారు టోపీ తీయాలి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా వెనుక బెంచీలో కూర్చోవడం మంచిది. బురుజును మోసే రెండు పెద్ద కమానులు, వాటి పక్కన సన్నని నల్లరాతి స్తంభాలు మొదట కనిపిస్తాయి. వాటి వెనుక నార్మన్ గదీ, ఆ వెనుక పదమూడో శతాబ్దపు పొడిగింపూ వరుసగా ఉంటాయి. నడుస్తూ వెళ్లి రాతి కప్పు పద్ధతి ఎక్కడ మారుతుందో పైకి చూసి పట్టుకోండి. ఆ గీత దగ్గర మీరు యాభై అరవై ఏళ్లు దాటుతున్నారు.

బాప్తిస్మపు తొట్టి పన్నెండో శతాబ్దపుది, నేటి బెల్జియంలోని టూర్నే నుంచి సముద్రం దాటి తెచ్చిన నల్లరాయి. అలంకారం లేని చతురస్రం, పసిబిడ్డను పూర్తిగా ముంచగలిగినంత పెద్దది. వంగి కాళ్లను చూడండి: మూడు మెలితిరిగిన గీతలతో ఉంటాయి, నాలుగోది సాదాగా ఉంటుంది, అది తరువాతి కాలంలో మార్చినది. దీనిపై మూత నికొలస్ మైన్‌హీర్ అనే శిల్పి ఇటీవల చేసినది.

రెండు కొత్త రంగుటద్దాల కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి చిత్రకారుడు జాన్ పైపర్ రూపొందించగా ఆయన మరణానంతరం 1995లో ఇక్కడ అమర్చినది. మరొకటి రోజర్ వాగ్నర్ చేసినది, 2012 నాటిది. పైపర్ కిటికీలో క్రీస్తు పుట్టిన వార్తను చెట్టు మీది జంతువులు, పక్షులు లాటిన్‌లో చెప్పుకుంటాయి: కోడి క్రీస్తు పుట్టాడంటుంది, బాతు ఎప్పుడు ఎప్పుడు అంటుంది, కాకి ఈ రాత్రే అంటుంది, గుడ్లగూబ ఎక్కడ ఎక్కడ అంటుంది, గొర్రెపిల్ల బేత్లెహేము అంటుంది. ఆ లాటిన్ మాటలను పైకి చదివితే ‘క్వాండో, క్వాండో’ అన్నది బాతు కూతలా, ‘ఊబి, ఊబి’ అన్నది గుడ్లగూబ కూతలా వినిపిస్తుంది. పిల్లలతో వచ్చినవారు ఇక్కడి నుంచే మొదలుపెడితే మిగతా చర్చిని కూడా వాళ్లు ఓపిగ్గా చూస్తారు.

వీధులు

చర్చి నుంచి ఉత్తరంగా వెళ్లే చర్చ్ వే ఊరి ప్రధాన వీధి. పాత రాతి గోడలు, గడ్డి కప్పుతో ఉన్న పారిష్ హాలు, చర్చి పక్కనే మధ్యయుగపు భాగాలున్న పాత గురువు నివాసం తప్ప విడిగా ఆగవలసినవి తక్కువ. ఆంగ్లికన్ సంస్కర్త, తరువాత కతోలిక కార్డినల్ అయిన జాన్ హెన్రీ న్యూమన్ తల్లి, చెల్లెళ్లు 1830లలో ఇఫ్లీలోనే ఉండేవారు. అప్పట్లో ఆయన పొరుగున లిటిల్‌మోర్‌లో చర్చి కట్టిస్తున్నాడు.

1929లో ఆక్స్‌ఫర్డ్ నగరం ఇఫ్లీని తనలో కలుపుకొంది. అందుకు ప్రధాన కారణం పొరుగున కౌలీలో 1913లో మొదలైన మోరిస్ కార్ల ఫ్యాక్టరీ, దాని చుట్టూ పుట్టుకొచ్చిన ఇళ్లు. మన రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగిన అంబాసిడర్ ఆ ఫ్యాక్టరీ కారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద తయారైనదే. 1969లో ఊరిని సంరక్షిత ప్రాంతంగా ప్రకటించడం వల్ల పాత వీధి నిలిచింది. బ్రిటిష్ పరుగు వీరుడు రోజర్ బానిస్టర్ 1954 మే 6న మైలు దూరాన్ని ప్రపంచంలో తొలిసారి నాలుగు నిమిషాల లోపు, 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తిన ట్రాకు ఈ ఊళ్లో లేదు. అది నగరానికి దగ్గరగా ఇఫ్లీ రోడ్డు మీద ఉంది. తిరుగు ప్రయాణం బస్సులో అయితే దారిలో కనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక

ఎవరైనా ఇఫ్లీ గురించి, లేదా ఇటువంటి మరో ఊరి గురించి రాయదలిస్తే కంటితో చూసినదాన్ని కాగితంతో సరిచూసుకోవాలి. ఆ కాగితాలు దూరంలో లేవు. ఆక్స్‌ఫర్డ్‌షైర్ హిస్టరీ సెంటరు కౌలీలోని సెయింట్ లూక్ అనే పూర్వపు చర్చి భవనంలో ఉంది. పారిష్ రిజిస్టర్లు, చర్చి లెక్కల పుస్తకాలు, పాత ఫొటోలు అటువంటి జిల్లా కేంద్రాల్లోనే దొరుకుతాయి. వెళ్లే ముందు పని వేళలు చూసుకుని, కావలసిన పత్రాలు ఏవో ముందే రాసి పెట్టుకోవాలి. పెన్సిలు తీసుకెళ్లాలి, పెన్ను అనుమతించరు.

రెండు జాగ్రత్తలు అవసరం. ఆక్స్‌ఫర్డ్ డయోసీసు, అంటే ఒక బిషప్ అధికారం కింద ఉండే ప్రాంతం, ఏర్పడింది 1542లో. అంతకుముందు ఈ ప్రాంతమంతా లింకన్ బిషప్ కింద ఉండేది కాబట్టి మధ్యయుగపు చర్చి వ్యవహారాల పత్రాలు లింకన్ నగరం వైపు వెతకాలి. రెండోది తేదీల సంగతి. 1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టరులో 1640 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1641 ఫిబ్రవరి. ఒక బిడ్డ తల్లిదండ్రుల పెళ్లికి ముందే బాప్తిస్మం పొందినట్టు కనిపిస్తే కుటుంబాన్ని అనుమానించే ముందు ఈ లెక్క చూసుకోవాలి, మీ నోట్సులో రెండు సంవత్సరాలనూ గీత గీసి పక్కపక్కన రాసుకోవాలి.